చివరింటి జవాబు వచ్చేదాకా

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దసారు గారికి, ఆయన పక్కన కూర్చుని అప్పుడే నా వైపు కళ్లద్దాల మీద నుంచి చూస్తున్న మా హెడ్ క్లర్కు మేడమ్ గారికి, రోడ్డు మీది ఊరి నుంచి పనిగట్టుకుని వచ్చిన పెద్దాయన గారికి, కొండ మీది ఊళ్ల నుంచి చీకటితోనే బయల్దేరి దిగి వచ్చిన అన్నలకీ అక్కలకీ, ఈ ఆవరణలో చోటు దొరికి కూర్చున్నవాళ్లకీ, దొరక్క గోడ ఎక్కినవాళ్లకీ, ఆ గోడ మీద కూడా చోటు లేక వీధి పొడుగునా బెంచీల మీద కూర్చుని నా మాట తమ దాకా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న మా వీధి వాళ్లందరికీ నమస్కారం.

ముందుగా ఈ మైకుని కాస్త పక్కకి జరుపుతాను. ఈ ఊళ్లో నన్నే మైకు అంటారు. ఒకే వేదిక మీద రెండు మైకులు ఎందుకు?

(నవ్వులు. కాసేపటికి వీధి చివర నుంచి మళ్లీ నవ్వులు.)

విన్నారా సార్? కొత్తవాళ్లు కంగారు పడకండి. నేను ఇక్కడ అన్న మాటని గేటు దగ్గర నిలబడ్డ టీకొట్టు బావ పక్కింటి దర్జీకి అందిస్తాడు, దర్జీ మా చెల్లెలికి అందిస్తాడు, మా చెల్లెలు కిందింటికి, అలా ఇంటింటికీ చేతులు మారి చివరింటి బామ్మ దాకా వెళ్తుంది. అందుకే ఇవాళ నవ్వులు రెండు విడతల్లో వస్తాయి. బావా, ఉన్నది ఉన్నట్టు పంపు. మధ్యలో నీ సొంత మసాలా కలపకు.

పొద్దున్నే మేడమ్ నన్ను గదిలోకి పిలిచి ఒక మాట తీసుకున్నారు. "ఇదిగో చూడు, ఆఫీసు మార్పు గురించి వేదిక మీద ఒక్క ముక్క ఎత్తకూడదు. పెద్దసారు ఇవాళ అన్నీ చూసుకుని రేపు పైవాళ్లకి తన అభిప్రాయం చెబుతారు. అది వాళ్ల పని. నువ్వు వీడ్కోలు తీసుకో, నాలుగు మంచి మాటలు చెప్పు, టీ తాగు, దిగిపో" అన్నారు. నేను సరేనన్నాను. మాటంటే మాటే. కాబట్టి ఈ ఆఫీసుని మా ఊరి నుంచి పీకి రోడ్డు మీది ఊరికి తీసుకెళ్లిపోతారన్న సంగతి నేను ఎత్తను.

(నవ్వులు. హెడ్ క్లర్కు తల పట్టుకున్నారు.)

ఎత్తను అనే కదండీ అన్నాను!

సరే, నాలుగు మంచి మాటలు. ఇప్పుడే నాకు ఒక కుర్చీ బహుమతిగా ఇచ్చారు. చాలా మంచి కుర్చీ. చేతులున్నాయి, మెత్త ఉంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఇవాళ్టి దాకా నన్ను ఆ గుమ్మం దగ్గర నిలబెట్టి, నా మోకాళ్లు అరిగిపోయాక కుర్చీ ఇచ్చిన ఆఫీసు సిబ్బందికి నా ధన్యవాదాలు. ముందు వరసలో కూర్చున్న మా ఆవిడ ఆ కుర్చీని చూసిన దగ్గర నుంచి దిగులుగా ఉంది. ఇంట్లో దాన్ని ఎక్కడ వేయాలా అని కాదు. ఇన్నాళ్లూ ఊరంతా పంచుకున్న ఈ గొంతు రేపటి నుంచి ఆ కుర్చీలో కూర్చుని తన ఒక్కదాని చెవుల్లోనే పడుతుందే అని.

మా ఊరి గురించి తెలియనివాళ్లు ఇక్కడ కొందరున్నారు కాబట్టి చెబుతాను. ఇది ఊరనడానికి ఒక వీధి. పైన ఆఫీసు, కింద చివరింటి బామ్మ ఇల్లు, ఆ ఇంటి పక్క నుంచి కొండ మీదకి కాలిబాట. అంతే. ఇటు తుమ్మితే, ఆ కబురు ఇంటింటికీ దిగాక అటు వాళ్లు చిరంజీవ అంటారు. మరి ఇంత చిన్న ఊరు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పెద్ద ఎలా అయిందంటే, అప్పుడెప్పుడో పై నుంచి ఒక అధికారి పటం ముందేసుకుని కూర్చుని, కొండ మీది ఊళ్లకీ రోడ్డు మీది ఊళ్లకీ సరిగ్గా మధ్యలో కలం పెట్టాడట. సిరా చుక్క పడింది. ఆ చుక్క కింద ఊరుందో లేదో ఆయనకి తెలియదు. మా అదృష్టం, మేమున్నాం. ఇప్పటికీ ఆ పటం మేడమ్ గది గోడకి ఉంది. మా ఊరి కన్నా ఆ చుక్కే పెద్దది.

ఆఫీసు వచ్చింది కానీ జనం కూర్చునే గది రాలేదు. లోపల నలుగురు కూర్చుంటే అయిదోవాడు కిటికీలో ఉండాలి. వచ్చినవాళ్లు ఎండలో నిలబడితే చూడలేక ముందు టీకొట్టు బావ వాళ్ల నాన్న ఇంటి ముందు ఒక బెంచీ వేశాడు. ఆయన వేశాడని దర్జీ వాళ్లు వేశారు. వాళ్లు వేశారని అందరూ వేశారు. ఇప్పుడు మా ఊళ్లో వంటగది లేని ఇల్లయినా ఉంటుందేమో కానీ, ముందు బెంచీ లేని ఇల్లు లేదు. మా చెల్లెలి బెంచీ పక్కన గోడకి అద్దం, దువ్వెన వేలాడుతుంటాయి. సారు ముందుకి వెళ్లే మనిషి తల చెదిరి ఉంటే అది ఊరుకోదు. "అన్నయ్యా, అలా వెళ్తే నీ పని కూడా అలాగే అవుతుంది" అని నిలేసి దువ్విస్తుంది. చొక్కా గుండీ ఊడితే దర్జీ కూర్చోబెట్టి కుట్టేస్తాడు, వేసుకున్న చొక్కా వేసుకున్నట్టే, కదలకు అంటూ.

మరి అంత పొడుగు వీధిలో కూర్చున్న మనిషికి తన వంతు వచ్చిందని తెలిసేదెలా? అక్కడే నా ఉద్యోగం మొదలైంది. నేను గుమ్మంలో నిలబడి పిలుస్తాను. బావ అందుకుంటాడు. దర్జీ అందుకుంటాడు. అలా కిందికి వెళ్తుంది. ఒకే పేరు వాళ్లు బోలెడంత మంది కాబట్టి మేము పేరుతో పిలవం, ఊరూ పనీ చెప్పి పిలుస్తాం. "వంతెన దగ్గర ఊరి వడ్రంగి రావాలీ!" అని నేనంటే, అది చివరింటికి చేరేసరికి, "వంతెన దగ్గర ఊరి వడ్రంగి రావాలి, తొందరగా రావాలి, సారు ఇవాళ నవ్వుతూ ఉన్నారు, ఇదే సమయం" అని చేరేది. ఆ చివరి ముక్కలు ఎవరు తగిలించేవాళ్లో నేను చెప్పను. గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

(నవ్వులు. వీధిలోంచి ఒక గొంతు: "ఈ ముక్క బావ మాకు పంపలేదు, ఏమన్నావ్?")

చూశారా!

ఈ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒకసారి మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసి ఈ ఆఫీసు గుమ్మంలోకి వచ్చాను. మా ఇల్లు వీధి మధ్యలో. ఆవిడ బయట గిన్నెలు తోముతోంది. ఇక్కడి నుంచే గట్టిగా, "ఇవాళ కూరలో ఉప్పు లేదూ!" అన్నాను. అన్నది మా ఆవిడతో. కానీ గుమ్మంలోంచి వచ్చిన మాట కదా, బావ అలవాటుగా అందుకున్నాడు. దర్జీ కుట్టు మిషన్ ఆపి అందుకున్నాడు. ఆఫీసు పిలుపు లాగే ఆ మాట మర్యాదగా ఇంటింటికీ దిగి చివరింటికి వెళ్లింది. బెంచీల మీద ఉన్నవాళ్లు ఇది ఎవరి వంతా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత కింది నుంచి అంతే మర్యాదగా జవాబు ఎక్కి వచ్చింది. "ఉప్పు మా ఇంట్లో ఉంది, ఎంత కావాలో సారుని కనుక్కోమంటున్నారూ!" లోపలున్న అప్పటి సారు బయటికి వచ్చి, "ఎవరికయ్యా ఉప్పు?" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో కూరే లేదు.

(నవ్వులు. వక్త భార్య కొంగు అడ్డం పెట్టుకున్నారు. వీధిలో నవ్వులు చాలాసేపు ఆగలేదు.)

నవ్వండి, నవ్వండి. నేనూ నవ్వుతూనే దిగిపోదామనుకున్నాను.

(ఆగి, నీళ్లు తాగారు.)

రోడ్డు మీది ఊరి పెద్దాయన గారూ, మీ మీద నాకు కోపం లేదు. మేడమ్, నేను ఆఫీసు గురించి మాట్లాడటం లేదు, పెద్దాయనతో మాట్లాడుతున్నాను. మీ ఊళ్లో కట్టిన మేడ నేను చూశాను. పై అంతస్తు మొత్తం ఊరికే ఇస్తామన్నారు. ఫ్యాన్లున్నాయి, మరుగుదొడ్లున్నాయి, గుమ్మం ముందే బస్సు ఆగుతుంది. ఇంత పెద్ద ఊరివాళ్లం అంత చిన్న ఊరికి ఎందుకు పోవాలి అని మీవాళ్లు అడగడంలోనూ తప్పులేదు. ఎవరి ఊరు వాళ్లకి ముద్దు. మీరు మంచి చేద్దామనే వచ్చారని నాకు తెలుసు. కానీ మీ ఊరికి బస్సెక్కి వచ్చేవాళ్లనే మీరు చూశారు. నేను ఈ గుమ్మంలోంచి అటు వైపు చూస్తూ బతికాను. కాలిబాట దిగి వచ్చేవాళ్లని చూశాను. వాళ్లకి మీ ఊరు ఇక్కడి నుంచి మళ్లీ అంత దూరం. పొద్దున బయల్దేరినవాళ్లు మీ మేడ దగ్గరికి చేరేసరికి తలుపులు వేసేస్తారు. మీ ఊళ్లో లాడ్జీలున్నాయండీ. బెంచీలు లేవు.

(గోడ మీద నుంచి చప్పట్లు.)

పెద్దసారు గారూ, ఇక మీతో ఒక మాట. మీ మొదటి ఉద్యోగం ఈ ఊళ్లోనే. చాలామందికి తెలియదు. అప్పటి మీ జుట్టు గురించి నేను మాట్లాడను, మేడమ్ ఊరుకోరు.

(నవ్వులు. అధ్యక్షులు తల నిమురుకున్నారు.)

మహా కోపిష్ఠి మనిషి అండీ అప్పుడు. వచ్చిన మొదటి రోజే మా అరుపులు విని, "ఇది ఆఫీసా, సంతా?" అన్నారు. నేను ఆయన మొహం చూసి పిలవడం నేర్చుకున్నాను, గొంతు తగ్గించాను, అయినా ఆయన మొహంలో నవ్వు లేదు. అలాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం, కొండ మీద కట్టెలు కొట్టే ఆయన భార్య వంతు వచ్చింది. భర్త చెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. వాళ్ల కాస్త పొలం ఆమె పేరు మీదకి మార్చాలి. అప్పటికే ఒకసారి వచ్చి సారు లేక తిరిగి వెళ్లింది. నేను పిలిచాను. పిలుపు కిందికి వెళ్లింది. మనిషి రాలేదు. జవాబు వచ్చింది. "నిద్రపోతోందీ!"

సారు తలెత్తకుండా, "లేపమను" అన్నారు. నేను పంపాను. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. మా చెల్లెలి దాకా బాగానే ఎక్కి వచ్చింది, దర్జీ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. దర్జీది అసలే పిరికి ప్రాణం. వాడు పరిగెత్తుకుంటూ వచ్చి బావ చెవిలో చెప్పాడు. బావ వచ్చి నా చెవిలో చెప్పాడు. మసాలా కలపకుండా బావ పంపిన మాట అదొక్కటే. నేను మాత్రం ఎవరి చెవిలో చెప్పను? సారు ముందుకి వెళ్లి నిలబడ్డాను. నా ఉద్యోగం ఇవాళ్టితో సరి అనుకున్నాను. "సార్, చివరింటి బామ్మ అంటోంది, నేను లేపను, చంటిపిల్లని ఎత్తుకుని ఆ కొండంతా దిగి వచ్చింది, ఇప్పుడే కళ్లు మూసింది, అంత తొందరగా ఉంటే మీ సారునే రమ్మను... అంటోంది సార్."

(అధ్యక్షులు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టారు.)

మీరు లేచారు. నేను గోడకి అంటుకుపోయాను. మీరు ఆమె కాగితాలు తీసుకున్నారు, ముద్ర తీసుకున్నారు, నన్ను సిరా డబ్బా పట్టుకోమన్నారు, గుమ్మం దిగి వీధిలో నడిచారు. బెంచీల మీద జనం ఒక్కొక్కరే లేచి నిలబడుతుంటే మీరు చేత్తో కూర్చోమంటూ వెళ్లారు. బామ్మ మిమ్మల్ని చూసింది. భయపడలేదు. "నెమ్మదిగా కూర్చో నాయనా, ఆ బెంచీ కిర్రుమంటుంది" అంది. మీరు ఆ బెంచీ రెండో కొసన కూర్చున్నారు. ముందు పిల్ల లేచింది. ఏడవబోతుంటే మీరే ఎత్తుకున్నారు. అది మీ కళ్లద్దాలు లాగేసింది. ఆ తర్వాత తల్లి లేచి చూస్తే, తన పిల్ల ఎవరో పెద్ద అధికారి ఒళ్లో ఉంది. ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. "అయ్యా, నిద్ర పట్టేసిందయ్యా, నా వంతు పోయిందా అయ్యా" అని చేతులు జోడించింది. మీరన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది సార్. "లేదమ్మా, మీ వంతు ఎక్కడికీ పోలేదు" అన్నారు.

ఆ బెంచీ మీదే ముద్ర వేశారు.

తిరిగి వస్తూ మీరు నాతో ఇంకొక మాట అన్నారు. కాగితం మీద రాయలేదు, నోటితోనే అన్నారు. "రేపటి నుంచి తలుపు వేసే ముందు ఒకసారి కిందికి అడుగు. ఇంకా ఎవరైనా మిగిలారా అని. చివరింటి నుంచి లేరు అని జవాబు వచ్చాకే తాళం వెయ్యి." మీరు బదిలీ అయి వెళ్లిపోయారు. మీ తర్వాత ఎందరో సార్లు వచ్చారు, మేడమ్‌లు వచ్చారు. ఆ మాటని ఎవరూ కొట్టేయలేదు. కొట్టేయాలంటే అది ఎక్కడా రాసి లేదు కదా. ఏ సాయంత్రమూ, వానైనా, ఒంట్లో బాగులేకపోయినా, నేను ఆ పిలుపు పిలవకుండా, చివరింటి "లేరు" వినకుండా ఈ తలుపు మూయలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పని ఏదైనా ఉందంటే అదే.

నాకు ఏం కావాలని మొన్న మేడమ్ అడిగారు. ఏమీ వద్దన్నాను. మర్యాదకి అన్నాను. నిజం ఏమిటంటే నాకు భయంగా ఉంది. నా గురించి కాదు, నాకు కుర్చీ ఉంది. రేపు ఆ కొండ దిగి ఒక తల్లి చివరింటి బెంచీ దగ్గరికి వచ్చి కూర్చుంటే, మా బామ్మ ఆమెకి ఏం చెప్పాలి? "ఇక్కడ కాదమ్మా, ఇంకా నడవాలి" అని ఆ ఇంట్లోంచి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా దర్జీ ఎవరి గుండీ కుట్టాలి? మా చెల్లెలి అద్దంలో ఎవరు చూసుకోవాలి? సభలో ఇలా మాట్లాడకూడదని నాకు తెలుసు. మేడమ్, క్షమించండి. ఇచ్చిన మాట తప్పాను.

(హెడ్ క్లర్కు తల అడ్డంగా ఊపి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.)

ఇక ధన్యవాదాలు. నాతో పని చేసినవాళ్లకీ, నా అరుపుల్ని భరించినవాళ్లకీ, ఒక్క రూపాయి జీతం లేకుండా నా ఉద్యోగం నాతో పాటు చేసిన వీధి మొత్తానికీ. బావకీ, దర్జీకీ, మా చెల్లెలికీ. ఉప్పు లేని కూర లాంటి నన్ను కట్టుకున్న ఆవిడకీ.

ఆఫీసు వేళ అయిపోయింది. సభ హడావుడిలో ఇవాళ్టి సాయంత్రపు పిలుపు ఇంకా పిలవలేదు. పెద్దసారు అనుమతిస్తే చివరిసారి పిలిచి, తలుపు వేసి, తాళంచెవి అప్పగించి దిగిపోతాను.

(అధ్యక్షులు తలూపారు. వక్త వేదిక దిగి ఆఫీసు గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డారు.)

ఇంకా ఎవరైనా మిగిలారా!

(టీకొట్టు యజమాని అందుకున్నారు. పిలుపు ఇంటింటికీ దిగుతూ దూరమై వినిపించకుండా పోయింది. అందరూ ఎదురుచూశారు. మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. తర్వాత కింది నుంచి జవాబు ఎక్కి రావడం మొదలైంది. అది "లేరు" కాదు. వక్త చెల్లెలి గొంతు దగ్గర మాటలు తెలిశాయి. దర్జీ ఈసారి పరిగెత్తుకు రాలేదు. ఉన్నచోటే లేచి నిలబడి, ఊరంతా వినేలా అరిచాడు: "ఉన్నాం! బామ్మ చెప్పమంటోంది, మేమంతా ఉన్నాం! మా వంతు ఇంకా పోలేదూ!")

(వక్త తలుపు తెరిచే ఉంచి, తిరిగి వేదిక ఎక్కారు.)

సార్, మా ఆవిడ మీద ఒట్టు, ఇలా చెప్పమని నేను చెప్పలేదు. బామ్మ ఈ మధ్య గుమ్మంలోకి రావడమే మానేసింది, జవాబు ఆమె కోడలే ఇస్తోంది. ఇవాళ తనే వచ్చినట్టుంది.

ఇదిగోండి తాళంచెవి, మీ ముందు బల్ల మీద పెడుతున్నాను. తలుపు మాత్రం వేయలేదు. చివరింటి నుంచి "లేరు" అని రాకుండా వేయొద్దని మీరే అన్నారు. నేను ఇవాళ్టి దాకా ఆ మాట తప్పలేదు, చివరి రోజు తప్పలేను. ఇక మీ ఇష్టం.

బావా, ఇప్పుడు చెప్పబోయే మాట మాత్రం కిందికి పంపకు. ఇది ఈ ఆవరణలోనే ఉండనీ.

సెలవు.